గురుదత్ సావు మనకేం జెప్తుంది?

అక్టోబర్ 10 తారీఖును 1992 సంది ప్రపంచమంతా మానసిక ఆరోగ్య దినంగ జరుపుతున్నరు. ఆ రోజు సభలు పెడ్తరు, ర్యాలీలు తీస్తరు, ఫ్లెక్సీలు కడ్తరు. అదే తారీఖు నాడు 1964ల బొంబాయిల జరిగిన ఒక సావు గురించి ఆ సభలల్ల ఎవరన్న మాట్లాడంగ నేనైతే ఇనలేదు. పెడ్డర్ రోడ్డు మీద ఒక కిరాయి ఫ్లాటుల 39 ఏండ్ల మనిషి పండుకున్న మంచం మీదనే పానం పోయి కనబడ్డడు. ఆయన పేరు గురుదత్. హిందీ సినిమాల పెద్ద డైరెక్టరు, నటుడు. ఆ రాత్రి ఆయన మందు తాగిండు, నిద్ర గోళీలు సుత ఏసుకున్నడు. తెల్లారేసరికి లేడు.

ఈ కాలపు పోరగాండ్లకు గురుదత్ ఎవరో తెల్వకపోవచ్చు. కానీ ఆయన బొమ్మను మాత్రం చానమంది చూసే ఉంటరు. నలుపు తెలుపు బొమ్మ, మీటింగు హాలు తలుపు కాడ రెండు చేతులు చాపి నిలబడ్డ మనిషి, ఎనకంగ వెలుతురు. ఇన్‌స్టాల ప్రేమ ఫెయిలయినోళ్లు, మందు గ్లాసు ఫోటోలు పెట్టేటోళ్లు ఆ బొమ్మను తిప్పుతనే ఉంటరు. బాధల ఉన్నోడు తాగుతడు, తాగినోడే గొప్ప కళాకారుడు అయితడు అన్న ఒక తప్పుడు లెక్క ఆ బొమ్మకు అంటుకున్నది. నేను ఈ వ్యాసం రాసేది ఆ లెక్క తప్పని చెప్పుడు కోసం. ఇంకో ముచ్చట సుత ఉన్నది. గురుదత్‌ను చంపిన ఆ కలయిక ఇయ్యాల మన ఊర్ల కల్లు సీసాల ఉన్నది, మన ఇంటి అల్మారల ఉన్నది. అది తెలుసుకోవాలె.

ముందుగాల మనిషి గురించి చెప్త.

గురుదత్ 1925 జూలై 9 నాడు బెంగళూరుల పుట్టిండు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వసంత్ కుమార్ శివశంకర్ పదుకొనె. ఇంట్ల మాట్లాడేది కొంకణి. చిన్నప్పుడు ఏదో దెబ్బ తగిలితే, ఆ పేరు అచ్చిరాలేదని గురుదత్త అని మార్చిండ్రు. ఇంటోళ్లు కలకత్తకు పోయి భవానీపూర్‌ల ఉండుడుతోని ఆయన బాల్యం అంత బెంగాల్ల గడిచింది. అందుకే చానమంది ఆయనను బెంగాలీ అనుకుంటరు. ఉన్నోళ్ల కుటుంబం కాదు. పై చదువులకు పైసలు లేవు. డిగ్రీ లేదు, సినిమా కాలేజీ లేదు. చూసి నేర్సుకున్నడు, చేసి నేర్సుకున్నడు. నేను సుత లైబ్రరీల పేపర్లు చదివి నేర్సుకున్నోన్నే కాబట్టి, ఆయన బతుకుల ఈ ముక్క నాకు బాగ దగ్గరయితది.

పదహారు పదిహేడేండ్లప్పుడు అల్మోరాల ఉదయ్ శంకర్ నాట్య కేంద్రంల చేరిండు. అది హిమాలయాల దిక్కు ఉన్న ఊరు. 1944ల ఆ కేంద్రం మూతపడ్డది. మల్ల కలకత్త వచ్చి ఒక ఫ్యాక్టరీల టెలిఫోన్ ఆపరేటర్‌గ కొన్ని దినాలు నౌకరి చేసిండు. అది మనసుకు పట్టలేదు. అదే ఏడు పూణెల ప్రభాత్ ఫిల్మ్ కంపెనీకి పోయి డ్యాన్సులు నేర్పేటోడిగ, అసిస్టెంట్‌గ చేరిండు. అక్కడ్నే దేవానంద్ దోస్తయిండు. ఇద్దరి అంగీలను ఒక్క చాకలాయనే ఉతికేది. ఒకరి అంగి ఒకరికి పోయి, ఆ అంగి కాడ్నే ముచ్చట కలిసిందని అంటరు. ఎవరికి ముందుగాల అవకాశం వస్తే వాళ్లు రెండోటోనికి చేయి అందియ్యాలె అని ఒప్పందం చేసుకున్నరు.

దేవానంద్ మాట నిలబెట్టుకున్నడు. సొంత కంపెనీ పెట్టినంక 1951ల బాజీ సినిమా గురుదత్ చేతిల పెట్టిండు. అది హిట్టయ్యింది. ఆ సినిమా పాటల రికార్డింగు కాడనే గాయని గీతా రాయ్ ఆయనకు పరిచయమయ్యింది. అప్పటికే ఆమె పెద్ద పేరున్న గాయని, ఆయన ఇంక కొత్తోడే. 1953 మేల పెండ్లి అయ్యింది. ముగ్గురు పిల్లలు పుట్టిండ్రు.

బాజీ కాడ్నే ఇంకో మనిషి దొరికిండు. బొంబాయిల బస్సు కండక్టర్ చేసే బద్రుద్దీన్ కాజీ. సెట్ మీదికి వచ్చి తాగుబోతోని లెక్క తూలుకుంట యాక్టింగ్ చేసి చూపిచ్చిండు. గురుదత్ కడుపుబ్బ నవ్విండు, ఏషం ఇచ్చిండు, పేరు సుత మార్చిండు. ఒక విస్కీ సీసా మీది పేరు పెట్టిండు, జానీ వాకర్ అని. జానీ వాకర్ తెర మీద బతుకంత తాగుబోతుగ నవ్విచ్చిండు, ఇంట్ల మాత్రం చుక్క ముట్టలేదు. 2003 దాక బతికిండు. ఆ పేరు పెట్టిన మనిషి నలభై నిండకుంటనే పోయిండు. తెర మీది తాగుడు ఏరు, ఒంట్లకు పోయే తాగుడు ఏరు అని చెప్పనీకి ఇంతకన్న ఏం కావాలె?

1954ల ఆర్ పార్, 1955ల మిస్టర్ అండ్ మిసెస్ 55 బాగ ఆడినయి. ఆ దినాలల్లనే గురుదత్ మన హైదరాబాద్‌కు వచ్చిండు. అప్పుడు రోజులు మారాయి అనే తెలుగు సినిమా జోరుగ ఆడుతున్నది. అండ్ల ఏరువాక పాటకు ఆడిన పిల్ల గురించి ఊరంత మాట్లాడుతున్నరు. ఆమెను పిలిపిచ్చి చూసిండు, బొంబాయికి తీస్కపోయిండు. ఆమెనే వహీదా రెహమాన్. 1956ల వచ్చిన సీఐడీ సినిమాతోని హిందీల మొదలయ్యింది. మన తెలుగు పొలం పాట లేకుంటే ప్యాసాల ఆ గులాబో పాత్రకు ఇంకెవరు వస్తుండెనో.

ప్యాసా 1957ల వచ్చింది. పని లేక ఖాళీగ తిరిగిన దినాలల్ల గురుదత్ రాసుకున్న కథ అది. పేరు లేని కవి, సచ్చిపోయిండనుకున్నంక ఆయనను నెత్తిన పెట్టుకునే లోకం. ముందుగాల దిలీప్ కుమార్‌ను పెట్టుకుందామనుకున్నడు, ఆయన రాలేదు, తానే ఏషం కట్టిండు. 2005ల అమెరికా టైమ్ పత్రిక ప్రపంచంల వంద మంచి సినిమాల లిస్టు తీస్తే అండ్ల ప్యాసా ఉన్నది. ఇండ్ల ఒక ముచ్చట గుర్తు పెట్టుకోవాలె. ఆ సినిమా తాగుడు నుంచి పుట్టలేదు, పని నుంచి పుట్టింది. కెమెరా మూర్తి, రచయిత అబ్రార్ అల్వీ, సంగీతం ఎస్.డి. బర్మన్, పాటలు సాహిర్, గొంతు గీతది. ఇంతమంది చెమట అది. ఒక్క సీనును మల్ల మల్ల తీసేటోడని ఆయనతోని పనిచేసినోళ్లందరు చెప్పిండ్రు.

1959ల కాగజ్ కే ఫూల్ తీసిండు. మన దేశంల మొదటి సినిమాస్కోప్ సినిమా. మూర్తి తీసిన ఆ వెలుతురు ఇయ్యాల్టికి సినిమా చదువుకునేటోళ్లు చూసి నేర్సుకుంటరు. కానీ అప్పుడు జనం చూడలేదు. బాగ నష్టం వచ్చింది. అండ్ల కథ ఏందంటే, ఒక డైరెక్టరు ఇల్లు చెదిరి, తాగుడుకు బానిసై, పాత స్టూడియోల ఒక్కడే కుర్చీల కూసోని సచ్చిపోతడు. ఆ సినిమా తర్వాత గురుదత్ తన పేరు మీద ఇంకో సినిమాకు డైరెక్షన్ చేయలేదు. సినిమాలు తీసిండు, నటించిండు. 1960ల చౌద్వీన్ కా చాంద్ మస్తు ఆడింది, నష్టం పూడింది. పేరు మాత్రం ఎయ్యలేదు.

1962ల సాహిబ్ బీబీ ఔర్ గులామ్ వచ్చింది. జమీందారు ఇంటి చిన్న కోడలు, మొగడు ఇంట్ల ఉండాలనే ఆశతోని ఆయనతోపాటు తాగుడు మొదలుపెడ్తది. మొగడు ఉండడు, తాగుడు ఉంటది. ఆ కోడలుగ మీనా కుమారి నటించింది. అది చూసినోళ్లు ఇంక మర్చిపోరు. ఇప్పుడు ఈ లెక్క ఇనుండ్రి. 1972 మార్చి 31 నాడు మీనా కుమారి సచ్చిపోయింది, కాలేయం పాడయి, 38 ఏండ్లకు. అదే ఏడు జూలై 20 నాడు గురుదత్ భార్య గీతా దత్ సచ్చిపోయింది, ఆమెకు సుత కాలేయమే పాడయ్యింది, 41 ఏండ్లకు. గురుదత్ అప్పటికే పోయి ఎనిమిదేండ్లు. ఒక సినిమా చుట్టు ముగ్గురు. నలభై చుట్టుపక్కలనే ముగ్గురి కథ ఒడిసింది. ఇండ్ల గొప్పతనం ఏడున్నది?

ఇంట్ల సంసారం చెదిరింది. వహీదా పేరు పెట్టి లోకం మాట్లాడింది, పత్రికలు రాసినయి. ఎవరి తప్పెంత అని తేల్చుడు నా పని కాదు. ముగ్గురికీ బాధ అయ్యిందనేది మాత్రం నిజం. పాలీ హిల్ మీద ఇష్టంగ కట్టుకున్న బంగ్లాను గురుదత్ తానే కూలగొట్టిచ్చిండు. గీత పిల్లల్ని తీస్కొని ఏరుగ ఉన్నది. ఆయన పెడ్డర్ రోడ్డు ఫ్లాటుల ఒక్కడే ఉన్నడు.

ఆయనకు నిద్ర పట్టకపోయేది. ఇది ఆయన గురించి రాసినోళ్లు, దగ్గరోళ్లు అందరు చెప్పే ముచ్చట. ఈ వ్యాసానికి ఇదే ముఖ్యం. నిద్ర రాదు, మందు తాగుతడు. మందు తాగితే జల్ది కన్ను మూతపడ్తది కానీ అది మంచి నిద్ర కాదు. ఒంట్ల మందు దిగుతుంటే నడి రాత్రి మెలకువ వస్తది, గుండె దడదడ అంటది. అప్పుడు గోళి. తెల్లారి మబ్బుమబ్బుగ ఉంటది, మల్ల రాత్రికి అదే కథ. అంతకు ముందు సుత రెండుసార్లు ఆయన సావు దాక పోయి వచ్చిండని దగ్గరోళ్లు చెప్పిండ్రు. ఆ కాలంల మనసు జబ్బుకు డాక్టర్ కాడికి పోవుడంటే పరువు తక్కువ అనుకునేటోళ్లు. నిద్ర గోళి ఏసుకునుడు మాత్రం పరువు తక్కువ కాదు. గా తేడానే మనుషుల్ని తిన్నది.

1964 అక్టోబర్ 9 రాత్రి అబ్రార్ అల్వీ ఆయన ఇంట్ల ఉన్నడు. బహారేఁ ఫిర్ భీ ఆయేంగీ అనే సినిమాకు ఆఖరి సీను రాస్తున్నరు. గురుదత్ తాగుతున్నడు. బిడ్డను చూడాలని గీతకు ఫోన్ చేసిండని, అది కుదరలేదని అంటరు. చాన రాత్రయినంక గదిలకు పోయి పండుకున్నడు. తెల్లారి చూస్తే పానం లేదు. ఆ సినిమాను తర్వాత ధర్మేంద్రను పెట్టి పూర్తి చేసిండ్రు, 1966ల రిలీజ్ అయ్యింది.

అరవై ఏండ్ల సంది ఒక్కటే వాదన నడుస్తున్నది. అది ఆత్మహత్యనా, పొరపాటునా? కొడుకు పొరపాటని అన్నడు, మర్నాడు చేయాల్సిన పనులు ముందే అనుకొని ఉండె అని. పాత ముచ్చట్లు తెలిసినోళ్లు ఇంకో తీరుగ అన్నరు. నాకు ఈ వాదన మీద ఆసక్తి లేదు. ఎందుకంటే, మందు, నిద్ర గోళి ఒంట్ల కలిసినప్పుడు అవి నీ మనసుల ఏమున్నదని అడగయి. సావాలనుకున్నోనికి, జర నిద్రపోదామనుకున్నోనికి తేడా చూడయి. ఇద్దరి ఊపిరిని ఒక్కతీరుగనే ఆపుతయి. జనం ఆయన మనసును తవ్వుకుంట కూసున్నరు, ఆయన ఒంట్ల ఏమయ్యిందో మాట్లాడుడు మర్చిపోయిండ్రు.

ఒంట్ల ఏమయితదో నాకు తెలిసిన కాడికి చెప్త. నేను డాక్టర్ను కాదు, డాక్టర్లను అడిగి, చదివి అర్థం చేసుకున్నది ఇది.

మన మెదడును నడిపేటియి రెండు తీర్ల సైగలు. ఒకటి ఉరికిచ్చేది, ఒకటి ఆపేది. బండికి యాక్సిలేటర్, బ్రేకు లెక్క. ఆపే సైగ చేసేదాని పేరు గాబా. మందు ఆ బ్రేకును గట్టిగ తొక్కుతది. అందుకే తాగినోని మాట తడబడ్తది, నడక తూలుతది, భయం పోతది. నిద్ర గోళీలు సుత అదే బ్రేకు మీద పనిచేస్తయి, కాకపోతే వేరే దిక్కు నుంచి తొక్కుతయి. ఇద్దరు కలిసి ఒక్క బ్రేకును తొక్కితే బండి నెమ్మది గాదు, ఆగిపోతది. అందుకే ఇండ్ల ఒకటి ఒకటి కలిస్తే రెండు కాదు, అంతకన్న చాన ఎక్కువ.

మెడ ఎనక, మెదడు కాండం అనే జాగ ఉన్నది. మనం నిద్రపోయినా, సోయి లేకున్నా, ఊపిరి తీసుకొమ్మని చెప్తనే ఉండేది అదే. ఒంట్ల కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అది గుర్తు పట్టి ఊపిరిని గట్టిగ ఆడిస్తది. రెండు మత్తులు కలిసినప్పుడు ఈ కావలి మనిషి సుత నిద్రపోతడు. ఊపిరి నెమ్మదిస్తది, పైపైనే ఆడ్తది, మధ్యల ఆగుతది. రక్తంల ఆక్సిజన్ తగ్గుతది. మనిషికి నొప్పి తెల్వదు, లేవాలని తెల్వదు. గుండె సుత ఆగిపోతది. ఇంకో తీరు సావు సుత ఉన్నది. కడుపుల మందు తిప్పి వాంతి అయితది. సోయిల ఉన్నోడు దగ్గి బయటికి తీస్తడు. ఈనె దగ్గలేడు, ఆ వాంతి ఊపిరితిత్తులల్లకు పోతది.

గురుదత్ కాలంల నిద్ర గోళీలల్ల ఎక్కువ బార్బిట్యురేట్ జాతివి. వాటి గుణం పాడుది. నిద్ర తెచ్చే మోతాదుకు, పానం తీసే మోతాదుకు మధ్యల జాగ చాన ఇరుకు. రోజు ఏసుకుంటే ఒళ్లు అలవాటు పడ్తది, నిద్ర కోసం ఎక్కువ గోళీలు కావాలె. కానీ పానం తీసే మోతాదు మాత్రం అంత పెరగదు. అంటే రోజురోజుకు ఆ ఇరుకు జాగ ఇంక ఇరుకయితది. అండ్లకు మందు వచ్చిందంటే, మందును ఇరగ్గొట్టే పనిల పడి కాలేయం గోళీని జల్ది ఇరగ్గొట్టలేదు. గోళి రక్తంల ఇంక ఎక్కువసేపు నిలబడ్తది. పైంగ రెండూ కలిసి యాదిని చెరిపేస్తయి. ఏసుకున్న సంగతి మర్చిపోయి మల్ల ఏసుకున్నోళ్లు ఉన్నరు.

బార్బిట్యురేట్లు ఇప్పుడు నిద్ర కోసం ఇస్తలేరు. అల్ప్రాజోలం, డైజిపాం లాంటి గోళీలు వచ్చినయి. ఇవి ఒంటిగ అయితే వాటికన్న నయమే. ఆ మాట ఇనే జనం ధైర్యం చేస్తున్నరు. కానీ ఇవి సుత అదే గాబా బ్రేకు మీద పనిచేసేటియే. మందుతోని కలిపితే ఆ నయం అనే మాట ఉండదు. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి గోళీలు, కొడీన్ ఉన్న దగ్గు మందులు ఇంక వేరే దారిల వచ్చి అదే ఊపిరిని నెమ్మది చేస్తయి. ఫిట్స్‌కు, నరాల నొప్పికి ఇచ్చే కొన్ని గోళీలు, మగత తెచ్చే సర్ది, దురద గోళీలు సుత మందు మీద పడితే మత్తును పెంచుతయి. నడుము నొప్పికి పొద్దుగాల గోళి ఏసుకున్న రైతు, పొద్దుమూకి క్వార్టర్ ఏసుకుంటడు. తాను రెండు మత్తులు కలుపుతున్నడని ఆయనకు ఎవరు చెప్పాలె?

ఇప్పుడు మన ఊర్లకు వస్త. గురుదత్ తన గోళి తానే ఏసుకున్నడు. మన తెలంగాణల చానమంది తాము గోళి ఏసుకుంటున్నమని తెల్వకుంటనే తాగుతున్నరు. దాని పేరు మందు కల్లు. చెట్టు కల్లుల ఉండే మత్తు తక్కువ. తాగేటోళ్లు ఎక్కువ, చెట్లు తక్కువ. అందుకని నీళ్లు, చక్కెర, సాక్రిన్ కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ పొడి కలుపుతున్నరు. ఎక్సైజోళ్లు, పోలీసులు అల్ప్రాజోలం పట్టుకున్న వార్తలు మనం ఏండ్ల సంది చదువుతనే ఉన్నం. ఇది చెట్టెక్కే గీత కార్మికుని తప్పు కాదు. పానం పణంగ పెట్టి చెట్టెక్కేటోని బతుకును సుత ఈ పొడి దందనే తింటున్నది. లాభం ఎవరికో, చెడ్డ పేరు గీసేటోనికి.

ఆ పొడిని తూకం ఏసి కలుపుతరా? చేతికి వచ్చినంత కలుపుతరు. నిన్నటి సీసా ఏరు, ఇయ్యాల్టి సీసా ఏరు. రోజు మూడు సీసాలు తాగేటోడు, అదే మూడు సీసాలతోని ఇయ్యాల లేవకపోవచ్చు. దాని మీద క్వార్టర్ పడితే ఇంకేం చెప్పాలె. 2025 జూలైల హైదరాబాద్ కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి పదుల మంది దవాఖాన పాలైండ్రు, కొందరు పానాలు ఇడిసిండ్రు. గ్రామాలల్ల ఒక్కొక్కరు పోతే అది వార్త సుత కాదు. తాగి పోయిండు అంటరు, బొంద పెడ్తరు, ఒడిసింది. సీసాల ఏమున్నదని అడిగేటోడు లేడు.

ఇంకో ముచ్చట కచ్చితంగ చెప్పాలె. ఇది చదివి, రేపటి సంది బంద్ అని ఒక్కసారే ఆపొద్దు. రోజు తాగినోడు, రోజు నిద్ర గోళి ఏసుకున్నోడు, మందు కల్లు అలవాటయినోడు ఒక్కసారి ఆపితే మెదడుల బ్రేకు ఒక్కసారే లేస్తది. చేతులు వణుకుతయి, నిద్ర ఉండదు, లేనియి కనబడ్తయి, ఫిట్స్ వస్తయి. అవి పానం సుత తీస్తయి. 2020 లాక్‌డౌన్‌ల కల్లు, మందు దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక దవాఖానకు ఇట్లాంటోళ్లే గుంపులు గుంపులుగ వచ్చిండ్రు. బంద్ చెయ్యాలె, కానీ డాక్టర్ చేతిల, మెల్లమెల్లగ తగ్గిచ్చుకుంట. తాగుబోతు అని తిట్టి గదిల పెట్టి తాళం ఏసుడు వైద్యం కాదు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మీకు చెప్పేది ఇది. మీ దోస్తో, మీ బాపో తాగి సోయి లేకుంట పడిపోయిండు, గోళీలు సుత ఏసుకున్నడని అనుమానం ఉన్నది. అప్పుడు మన ఊర్లల్ల అందరు అనే మాట, పండనియ్యుండ్రి, తెల్లారితే దిగుతది అని. ఈ మాటనే మనుషుల్ని చంపుతున్నది. నిద్రపోయినోడు, సోయి పోయినోడు ఒక్కటి కాదు. గట్టిగ పిలువుండ్రి, భుజం పట్టి ఊపుండ్రి. లేస్తలేడంటే అది నిద్ర కాదు. ఎదురుంగ కూసోని ఊపిరి లెక్కపెట్టుండ్రి. మామూలుగ నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఆడాలె. ఎనిమిదికి తగ్గినా, రెండు ఊపిర్ల నడుమ పది సెకన్లు ఆగినా, పెదవులు, గోర్లు నీలంగ అయినా, ఒళ్లు సల్లబడ్డా, గురక గరగరమని నీళ్ల మోత లెక్క వచ్చినా ఆలస్యం చెయ్యొద్దు. 108కి ఫోన్ కొట్టుండ్రి.

అంబులెన్స్ వచ్చేదాక మనిషిని ఎల్లకిల పండబెట్టొద్దు. పక్కకు ఒరిగిచ్చి పండబెట్టుండ్రి, పై మోకాలు ముందలికి మడవండి, మొఖం జర కిందికి ఉండాలె, వాంతి అయితే బయటికి పోతది. ఊపిరి ఆగిందంటే 108లోళ్లు ఫోన్ల చెప్పినట్టు ఎద మీద ఒత్తుడు మొదలుపెట్టుండ్రి. నోట్ల ఉప్పు నీళ్లు పోసి కక్కిచ్చొద్దు. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ పోయొద్దు, సోయి లేనోని గొంతుల ఏది పోసినా ఊపిరితిత్తులల్లకు పోతది. సల్ల నీళ్లు గుమ్మరిస్తే మత్తు దిగదు, ఒళ్లు ఇంక సల్లబడ్తది. ఒక్కన్ని ఇడిసి పోవొద్దు. గోళీల అట్ట, సీసా దొరికితే దవాఖానకు తీస్కపోయి డాక్టర్‌కు చూపియ్యుండ్రి. కేసు అయితదని, పరువు పోతదని దాచొద్దు. ఏం ఏసుకున్నడో డాక్టర్‌కు తెలిస్తేనే పానం నిలబెట్టే మందు దొరుకుతది.

నిద్ర పడ్తలేదా? మనసుల ఏదో తొలుస్తున్నదా? అప్పు బాధనా, ప్రేమ బాధనా, పరీక్ష పోయిందా? 14416కు ఫోన్ చెయ్యుండ్రి. టెలి మానస్ అంటరు, సర్కారుది, పైసలు పడయి, పగలు రాత్రి పలుకుతరు, తెలుగుల మాట్లాడుతరు. 2022ల అక్టోబర్ 10 నాడే అది సుత మొదలయ్యింది. గురుదత్ కాలంల ఇట్లాంటి నంబరు లేదు. నడి రాత్రి నిద్ర రాకపోతే ఆయనకు ఉన్న దోస్తులు రెండే, ఒకటి సీసా, ఒకటి గోళి. మీకు ఇంకో దారి ఉన్నది.

సర్కారును సుత మనం అడగాలె. డాక్టర్ చీటి లేకుంట మత్తు గోళీలు అమ్మొద్దని చట్టం ఉన్నది. మరి కిరాణం దుకాణంల బిస్కెట్లు అమ్మినట్టు ఎట్ల అమ్ముతున్నరు? కల్లు కంపౌండ్లల్ల శాంపిళ్లు తీస్తరు, రిపోర్టులు ఏమయినయో ఊరికి ఎందుకు చెప్పరు? మండలానికి ఒక మానసిక వైద్యుడు ఎందుకు లేడు? గ్రామసభల ఈ ప్రశ్నలు లేపుండ్రి. నిద్ర గోళీలు రాసే డాక్టర్‌ను సుత అడుగుండ్రి, నాయన సాయంత్రం తాగుతడు, ఈ గోళి పడ్తదా అని. తాగుతడని చెప్పుకోనీకి సిగ్గుపడితే ఆ చీటీనే సావు చీటీ అయితది.

గురుదత్ పుట్టి 2025కు నూరేండ్లు నిండినయి. ఆయన ప్యాసా చూడుండ్రి, కాగజ్ కే ఫూల్ చూడుండ్రి. చూసినంక తీయకుంట పోయిన సినిమాల గురించి సుత ఒక్కసారి ఆలోచించుండ్రి. 39 ఏండ్లకే ఆగిన మనిషి అరవై దాక ఉంటే ఇంక ఎన్ని తీస్తుండె? గీత ఇంక ఎన్ని పాడుతుండె? ఆ రాత్రి ఆయన ఊపిరి నెమ్మదయినప్పుడు ఆ గదిల ఇంకో మనిషి ఉండి, లేపి చూసి, లేస్తలేడని అర్థం చేసుకొని ఉంటే మనకు ఈ కథ ఏరే తీరుగ ఉండేదేమో. మన ఇండ్లల్ల, మన గల్లీలల్ల ఇయ్యాల రాత్రి సుత ఎవరో ఒకరు అట్ల పండుకుంటరు. పక్క గదిల ఉన్నది మీరే. పోయి ఒక్కసారి లేపి చూడుండ్రి.